విరిగిన బ్రోచ్ ముక్క దొరికితే ముందు వెనక్కి తిప్పి చూడండి

ప్రశ్న క్లుప్తంగా ఇది: "లింకన్‌షైర్‌లో ఉంటున్నాను. రైతు అనుమతి తీసుకుని, ఆఫీసులో తోటివాడితో కలిసి దున్నిన పొలంలో మెటల్ డిటెక్టర్ పట్టుకుని తిరుగుతుంటే రెండంగుళాల ఆకుపచ్చ లోహపు ముక్క దొరికింది. ఒక చివర ఉబ్బిన కళ్ళతో మొసలి తల లాంటిదేదో ఉంది. రెండో చివర విరిగిపోయింది. ఆంగ్లో-శాక్సన్ బ్రోచ్ అంటున్నారు. నిజమేనా? ఎప్పుడూ ముక్కలే ఎందుకు దొరుకుతాయి? తోమితే మెరుస్తుందా? ధరేమైనా పలుకుతుందా?"

మీ ఫొటో చూశాను. అది మొసలి కాదు, గుర్రం. కనీసం నిపుణులంతా గుర్రం తల అనే పిలుస్తారు. తలకిందులుగా పట్టుకుని ఫొటో తీశారు కాబట్టి మొసలిలా కనిపించింది. నేను తూర్పు ఇంగ్లండులో పద్నాలుగేళ్లుగా ఉంటున్నాను. ఉద్యోగం సాఫ్ట్‌వేరే గానీ, శనివారాలు ఇలా పొలాల్లో దొరికిన వస్తువుల్ని తూచి, కొలిచి, నమోదు చేసే చోటికి వాలంటీరుగా వెళ్తుంటాను. ఇంట్లోవాళ్ళు దీనికి "తుప్పు ఏరుకునే పని" అని పేరు పెట్టారు. ఆ తుప్పు గురించే మీకు ఎక్కువ చెప్పాలి.

మీ చేతిలో ఉన్నది క్రూసిఫామ్ బ్రోచ్ అనే, బట్టకి గుచ్చుకునే నగ అడుగు భాగం. పేరుకి అర్థం సిలువ ఆకారపు బ్రోచ్ అని. పేరు చూసి ఇది క్రైస్తవుల వస్తువు అనుకోకండి. పై పలక మీద మూడు గుబ్బలుంటాయి: నడినెత్తిన ఒకటి, అటూ ఇటూ ఒక్కోటి. దూరం నుంచి చూస్తే సిలువలా కనిపిస్తుందని తర్వాతివాళ్ళు పెట్టిన పేరు అది. వీటి కాలం సుమారు 5వ శతాబ్దం మొదటి సగం నుంచి 6వ శతాబ్దం మూడో పాదం దాకా. క్రైస్తవం బోధించడానికి పోపు పంపిన అగస్టీన్ ఆగ్నేయ ఇంగ్లండులోని కెంట్ తీరంలో దిగింది 597లో. అప్పటికే ఈ ఫ్యాషన్ పోయింది.

ఇది పనిచేసే తీరు అర్థం కావాలంటే మన పిన్నీసును గుర్తు చేసుకోండి. పై పలక వెనక చిన్న చెవి, దానికి చుట్టిన స్ప్రింగు, అందులోంచి సాగిన సూది. మధ్యలో వంపు తిరిగిన విల్లు, మడత పడిన గుడ్డ అందులో ఇమడటానికి. కింది భాగం వెనక సూది మొనను పట్టి ఉంచే కొక్కెం. ముందువైపు కనిపించేదంతా ఈ పిన్నీసు మీద వేసిన షోకే. ముందువైపు రాగి మిశ్రలోహపు పోత, వెనక సూది మాత్రం చాలావరకు ఇనుము. 1,500 ఏళ్ళు మట్టిలో ఉంటే ఇనుము ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకే సూదితో సహా దొరికే బ్రోచ్ అరుదు. సూది ఉండాల్సిన చోట ఎర్రటి తుప్పు ముద్ద మాత్రం మిగులుతుంది. రోమన్ కాలపు బ్రోచ్‌లకూ విల్లు ఉంటుంది, కానీ వాటికి సూది కూడా తరచూ రాగి మిశ్రమమే. కాబట్టి విల్లు ముక్క దొరికి రోమనా శాక్సనా అని తికమక పడినప్పుడు నేను మొదట వెతికేది వెనకవైపు తుప్పు మరక. దానొక్కదానితో తేలిపోదు గానీ, సగం దారి చూపిస్తుంది.

అందుకే కొత్తవాళ్ళందరికీ ఒకటే మాట చెప్తుంటాను: ముందు వెనక్కి తిప్పండి. మీరు పెట్టిన నాలుగు ఫొటోలూ ముందువైపువే! ముందువైపు బొమ్మ చెప్పేది శతాబ్దమూ, ఊరి ఫ్యాషనూ. ఆ నగని ఎలా పోశారు, ఎలా పెట్టుకున్నారు, ఎప్పుడు విరిగింది అన్న కథంతా వెనకవైపే ఉంటుంది.

ముందువైపు కూడా ఒకసారి చూద్దాం. గుర్రం ముక్కుపుటాలు ఈ రకానికి క్యాలెండర్ లాంటివి. తొలినాటి వాటిలో బ్రోచ్ చిన్నది, ముక్కుపుటాలు నామమాత్రం. తర్వాత అవి ఉబ్బి అర్ధచంద్రాల్లా అవుతాయి. ఇంకా తర్వాత సుడులు తిరుగుతాయి, ముక్కు కింద నాలుకలా ఓ రేకు సాగుతుంది, పక్కల రెక్కలు మొలుస్తాయి, మొత్తం వస్తువు అరచెయ్యి దాటిపోతుంది. చివరి రకాల్లో ఒంటినిండా ముఖాలూ జంతువులూ, బంగారు పూతా, అక్కడక్కడ వెండి రేకూ ఉంటాయి. మన పెళ్ళిళ్ళలో వడ్డాణం ఏటేటా వెడల్పు అయినట్టే ఇదీ. మీ దాంట్లో ముక్కుపుటాలు గుండ్రంగా, స్పష్టంగా ఉన్నాయి గానీ సుడి తిరగలేదు. కింద నాలుక లేదు. కాబట్టి మొదటి దశ దాటింది, చివరి ఆర్భాటం ఇంకా రాలేదు. ఫొటో చూసి నేను 5వ శతాబ్దం చివరో 6వ శతాబ్దం మొదలో అంటాను. వస్తువు చేతిలో పట్టుకున్నవాళ్ళు నన్ను సరిదిద్దవచ్చు.

ఇక ముక్కలే ఎందుకు అన్న ప్రశ్న. చాలామంది "ట్రాక్టర్ విరగ్గొట్టింది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. సగం నిజం. ఈ బ్రోచ్‌లు విరగడానికి నాకు తెలిసి నాలుగు దారులున్నాయి. ఒక్కో దారి ఒక్కో రకం గుర్తు వదులుతుంది.

మొదటిది నాగలే. ఈ బ్రోచ్‌లలో ఎక్కువ భాగం ఆడవాళ్ళ సమాధుల్లో పెట్టినవి. ఆ సమాధులు చాలాచోట్ల లోతు తక్కువ. ఎడ్ల నాగలీ గుర్రపు నాగలీ పైపైన గీరేవి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ట్రాక్టర్లు లోతుగా దున్నడం మొదలైంది, దానికి రసాయన ఎరువులు తోడయ్యాయి. సమాధిలో పదిలంగా పడుకున్న నగ ఒక్కసారి దుక్కి మట్టిలోకి వచ్చిందంటే ప్రతి ఏడాదీ ఓ దెబ్బ. పోత లోహం వంగదు, విరుగుతుంది. ఎక్కడ విరుగుతుందో కూడా ఊహించవచ్చు: విల్లు సన్నబడి కింది పలకతో కలిసే చోట. మీది సరిగ్గా అక్కడే విరిగింది. విరిగిన అంచు మీద సన్నటి వెలుతురు పడేలా పెట్టి చూడండి. లోపలి లోహం పసుపు ఎరుపు కలిసిన రంగులో మెరుస్తుంటే అది నిన్నమొన్నటి దెబ్బ. అంటే మిగతా సగం అదే పొలంలో, బహుశా కొన్ని అడుగుల్లోనే ఉంది. అంచు కూడా మిగతా ఒంటిలాగే నున్నటి ఆకుపచ్చగా ఉంటే, విరిగి చాలా కాలమైంది.

రెండోది వాడుక. ఇవి అలమారాలో దాచుకున్న నగలు కావు. రోజూ భుజం మీద గుడ్డ బరువు మోసినవి. తొలి రకాల్లో పక్క గుబ్బలు విడిగా పోసి, పలక అంచుకి తొడిగి, వెనక స్ప్రింగు మధ్యలోంచి వెళ్ళే ఇనుప కమ్మీతో నిలబెట్టేవారు. ఆ కమ్మీ సడలితే గుబ్బ రాలిపోతుంది. కాబట్టి గాడి ఉన్న ఒంటరి గుబ్బ దొరికితే అది విరిగిన ముక్క కాకపోవచ్చు, ఊడిన ముక్క. రెంటికీ తేడా ఉంది. కొన్ని బ్రోచ్‌లకి రివెట్లు కొట్టి అతికిన గుర్తులూ, కొత్తగా తొలిచిన రంధ్రాలూ కనిపిస్తాయి. పగులు అంచు చేతి రాపిడికి నున్నబడి ఉంటే, విరిగాక కూడా ఎవరో దాన్ని వాడారన్నమాట. అమ్మ నగ కూతురికి వెళ్ళిందేమో అని ఊహించుకోవడం నాకిష్టం గానీ, రికార్డులో మాత్రం "అంచు అరిగింది" అనే రాస్తాను.

మూడోది నిప్పు. ఆ కాలంలో అందరినీ పూడ్చిపెట్టలేదు, చాలామందిని దహనం చేశారు. నార్ఫోక్‌లో నార్త్ ఎల్మ్‌హామ్ దగ్గర స్పాంగ్ హిల్ అనే శ్మశానంలో 2,000కు పైగా దహన సంస్కారాల ఆనవాళ్ళు దొరికాయి. అస్థికలు కుండల్లో పెట్టి పాతారు. ఒంటి మీద నగలతోనే చితి ఎక్కించేవారు కాబట్టి, ఆ కుండల్లో బ్రోచ్‌ల ముక్కలు సగం కరిగి, బుడిపెలు కట్టి, ఉబ్బి కనిపిస్తాయి. అలాంటిదాన్ని ముందువైపు బొమ్మ చూసి గుర్తుపట్టడం దండగ. అంచులు మైనంలా జారి ఉన్నాయా అని చూడాలి.

నాలుగోది పాత సామాను. కంచు ఎప్పుడూ చౌక కాదు. రోమన్ పాలన పోయాక బ్రిటన్‌లో కొత్త లోహం దొరకడం కష్టమై, పాతదాన్నే కరిగించి మళ్ళీ పోసేవారు. ఉలితో నరికిన తిన్నటి అంచు, ఒకే చోట రకరకాల ముక్కలు, పక్కనే పోత పోసేటప్పుడు ఒలికిన లోహపు చుక్కలు కనబడితే అది సమాధి కాదు, పనివాడి కొలిమి దగ్గర. ఆ తేడా పట్టుకోవడం చాలా ముఖ్యం. ఎందుకంటే ఒకటి చనిపోయినవాళ్ళ చోటు, ఇంకొకటి బతికినవాళ్ళ చోటు.

పోత అన్నాను కాబట్టి ఇంకో మాట. మట్టి అచ్చు రెండు చెక్కలుగా చేసి, అందులో కరిగిన లోహం పోసి, చల్లారాక అచ్చు పగలగొట్టి తీసేవారు. అచ్చు రెండోసారి పనికిరాదు. అందుకే ఒకే ఆవిడ రెండు భుజాలకీ పెట్టుకున్న జంట కూడా పక్కపక్కన పెట్టి చూస్తే కవలలు కావు, అక్కచెల్లెళ్ళు. "నెట్‌లో అచ్చం ఇలాంటిదే చూశాను" అని ఎవరైనా అంటే నాకు కాస్త అనుమానం. అచ్చం ఒకేలా ఉన్నవి సాధారణంగా ఈమధ్య చేసిన నకళ్ళు.

తోమడం గురించి అడిగారు. దయచేసి వద్దు. ఇత్తడి బిందెకి చింతపండు పెట్టినట్టు పెట్టకండి. ఇది సలహా కాదు, నా తప్పు ఒప్పుకోవడం. మొదటి ఏడాది నాకొక సాసర్ బ్రోచ్ (సాసర్‌లా గుండ్రటి రకం) అంచు ముక్క దొరికింది, రూపాయి బిళ్ళంత కూడా లేదు. నిమ్మరసంలో రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే పాత టూత్‌బ్రష్‌తో రుద్దాను. చిలుము పోయింది. చిలుముతో పాటు గాళ్ళలో అక్కడక్కడ మిగిలిన బంగారు పూతా పోయింది. ఆ పూత పాదరసంలో బంగారం కలిపి పులిమి, వేడి చేసి పాదరసాన్ని ఆవిరి చేసి ఎక్కించినది. వెంట్రుక మందం కూడా ఉండదు. అంతకంటే పెద్ద నష్టం వెనకవైపు. తుప్పు పట్టిన సూది చుట్టూ బట్ట తాలూకు నేత ముద్ర ఉండిపోతుంది. లోహం నుంచి దిగిన లవణాలు దారపు పోగుల్లోకి ఇంకి, పోగు కుళ్ళిపోయినా దాని ఆకారం రాయిలా మిగులుతుంది. భూతద్దంలో చూస్తే అది నార బట్టా ఉన్ని బట్టా, దారం కుడికి పురి పెట్టారా ఎడమకా అన్నది కూడా తెలుస్తుంది. ఆ కాలపు బట్టల గురించి మనకు తెలిసిన దాంట్లో పెద్ద వాటా ఇలాంటి తుప్పు ముద్దల నుంచి వచ్చిందే. నేను టూత్‌బ్రష్‌తో రుద్దింది దాన్ని. మీరు చేయాల్సింది: మట్టి ఎండితే మెత్తటి కుంచెతో విదిలించండి, పొడిగా ఉండే సంచిలో పెట్టండి, దూది చుట్టకండి, అంతే.

ఎవరు పెట్టుకునేవారు అంటే, ఎక్కువగా ఎదిగిన అమ్మాయిలూ ఆడవాళ్ళూ. గొట్టంలాంటి వస్త్రాన్ని ఒంటికి చుట్టుకుని రెండు భుజాల దగ్గరా చిన్న బ్రోచ్‌లతో గుచ్చేవారు. రెండింటి మధ్యా పూసల దండలు వేలాడేవి. మూడోదైన పెద్ద క్రూసిఫామ్‌ని ఛాతీ మీద, పైన కప్పుకున్న దుప్పటికి పెట్టేవారు. పైటకి పిన్ను పెట్టుకునేవాళ్ళకి ఇందులో వివరించాల్సిందేమీ లేదు. మీ ప్రాంతంలో చేతి మణికట్టు దగ్గర బట్టకి కుట్టుకునే కొక్కెం రేకులు కూడా దొరుకుతాయి, కాబట్టి సన్నటి రేకు ముక్క ఏదైనా కనబడితే పారేయకండి.

పాఠ్యపుస్తకాల్లో ఒక చక్కటి పటం ఉంటుంది. బీడ్ అనే సన్యాసి 731లో పూర్తి చేసిన చరిత్రలో ఆంగిల్స్, శాక్సన్లు, జూట్లు అని మూడు జాతులు వచ్చాయని రాశాడు. తర్వాతివాళ్ళు దానికి బ్రోచ్‌లు తగిలించారు: తూర్పునా ఉత్తరానా క్రూసిఫామ్ ఉంటే ఆంగిల్స్, థేమ్స్ ఎగువన సాసర్ ఉంటే శాక్సన్లు, కెంట్‌లో గార్నెట్లు అనే ఎర్ర రాళ్ళు పొదిగితే జూట్లు. పటంలో కొంత నిజముంది. లింకన్‌షైర్, నార్ఫోక్, సఫోక్, తూర్పు యార్క్‌షైర్‌లలో క్రూసిఫామ్ ముక్కలు విరివిగా దొరుకుతాయి. కానీ నగ చూసి కులం చెప్పినట్టు బ్రోచ్ చూసి జాతి చెప్పేయడం నాకు నచ్చదు. 2022లో వచ్చిన పెద్ద డీఎన్ఏ పరిశోధన ప్రకారం, తూర్పు, దక్షిణ ఇంగ్లండులో ఆనాటి సమాధుల్లోని మనుషుల వంశమూలంలో సగటున 76 శాతం సముద్రం అవతలి ఉత్తర ఐరోపాది. వలస నిజమే. కానీ అవే శ్మశానాల్లో స్థానికుల సంతతీ, కలిసిపోయిన కుటుంబాలూ పక్కపక్కనే ఉన్నాయి. పక్కింటావిడ పెట్టుకుంటే మనమూ పెట్టుకుంటాం కదా.

మీ పొలంలో ఇంకా ఏం రావచ్చో కూడా చెప్తాను, కళ్ళు సిద్ధంగా ఉంటే తేలిక. బొటనవేలి గోరంత గుబ్బలు వస్తాయి. వాటిని పాత మేజా సొరుగు పిడులనుకుని పారేసేవాళ్ళు కోకొల్లలు. వెనక చదునుగా ఉందా చూడండి. అంచు పైకి లేచిన సాసర్ ముక్కల లోపల చుట్టలు చుట్టలుగా గాళ్ళు ఉంటాయి. ఇంకో రకం సాసర్‌కి ముందు బొమ్మ పల్చటి రేకు మీద ఉబ్బెత్తుగా కొట్టి, అడుగు పలకకి అతికిస్తారు. ఆ రేకు ఊడిపోయి విడిగా దొరికితే చాక్లెట్ కాగితంలా ఉంటుంది, పాపం ఎవరూ పట్టించుకోరు. దక్షిణాన అయితే రెండు సెంటీమీటర్ల బొత్తాం బ్రోచ్ మీద మీసాల ముఖం మిమ్మల్ని చూసి గుర్రుమంటుంది.

పెద్ద చదరపు తల బ్రోచ్ ముక్క దొరికితే మాత్రం కాసేపు కూర్చోవాల్సిందే. మొదటి చూపుకి అదంతా అర్థం లేని గీతల గజిబిజి. స్వీడన్ పండితుడు బెర్న్‌హార్డ్ సాలిన్ 1904లో ఈ గజిబిజికి మొదటి శైలి అని పేరు పెట్టి, చదివే పద్ధతి చూపించాడు. అది జంతువే, కాకపోతే విడి భాగాలుగా విడగొట్టి పేర్చిన జంతువు. ముందు కన్ను వెతకండి. కన్ను చుట్టూ వంపు గీత తల. అక్కడి నుంచి మూడు గీతల పట్టీ మెడో ఒళ్ళో. బేరికాయ ఆకారం తొడ, దాని చివర వేళ్ళు. కొన్నిసార్లు అదే బొమ్మని తిప్పితే మనిషి ముఖం వస్తుంది. ముక్క మీద ఒక తొడా రెండు వేళ్ళే ఉన్నా, అలవాటైన కన్ను మిగతా జంతువుని గీసేయగలదు. ఈ పనిలో నాకు అన్నిటికంటే ఆనందం అదే. క్రాస్‌వర్డ్ పూరించేవాళ్ళకి అర్థమవుతుంది.

తెలుగువాళ్ళం కాబట్టి ఒక పక్క కథ. కెంట్ బ్రోచ్‌లలో ఎర్రటి గార్నెట్లను బంగారు గదుల్లో పొదిగి, రాయి కింద గళ్ళు కొట్టిన బంగారు రేకు వేస్తారు, వెలుగు తిరిగి కొట్టడానికి. మన కంసాలులు డాకు అనేది దాన్నే. 1771లో బ్రయన్ ఫాసెట్ అనే పాస్టరు కింగ్‌స్టన్ డౌన్‌లో తవ్వి తీసిన బ్రోచ్ ఈ పనికి శిఖరం. ఇప్పుడది లివర్‌పూల్ వరల్డ్ మ్యూజియంలో ఉంది. 5, 6 శతాబ్దాల ఐరోపా నగల్లోని గార్నెట్లను ప్రయోగశాలల్లో పరీక్షిస్తే చాలావాటి మూలం ఇండియా, శ్రీలంక అని తేలింది. 6వ శతాబ్దం చివరికి ఆ రాక తగ్గి, బొహీమియా చిన్న రాళ్ళు వాటి చోటు తీసుకున్నాయి. మన కొత్తగూడెం దగ్గరి గరీబ్‌పేట గుట్ట కూడా పాత గార్నెట్ గనే. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో దొరికిన గార్నెట్ పూసలకి రాయి అక్కడి నుంచే వెళ్ళిందని శాస్త్రవేత్తలు చూపించారు. అంతమాత్రాన కెంట్ రాణి మెడలో తెలంగాణ రాయి అని వాట్సాప్‌లో పెట్టేయకండి, ఆ ముడి ఎవరూ వేయలేదు. లండన్ వెళ్ళినప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి శిల్పాలు చూసి వచ్చేస్తుంటాం కదా, అలాగే పైకెళ్ళి 41వ నంబరు గదిలో ఈ నగలు కూడా చూడండి.

ఇప్పుడు చట్టం. ఇంగ్లండు, వేల్స్‌లలో 1996 నాటి ట్రెజర్ యాక్ట్ ప్రకారం, 300 ఏళ్ళు దాటిన వస్తువులో బరువుకి కనీసం 10 శాతం బంగారమో వెండో ఉంటే అది ట్రెజర్, అంటే చట్టం దృష్టిలో నిధి. 14 రోజుల్లో అధికారులకి చెప్పాలి. మీది రాగి మిశ్రమం, ఒంటరి వస్తువు, కాబట్టి ఆ కోవలోకి రాదు. బంగారు పూత ఉన్నా 10 శాతం అవదు. 2023 జులై నుంచి అసాధారణ ప్రాముఖ్యం ఉన్న లోహపు వస్తువులకి కొత్త నిబంధన వచ్చింది, కానీ మామూలు క్రూసిఫామ్ అడుగు ముక్క దానికి అందదు. అయితే అదే గోతిలో వెండి ఉంగరమో బంగారు పూసో కలిసి వస్తే మొత్తం లెక్క మారుతుంది. స్కాట్లండులో చట్టం వేరు. అక్కడ లోహం ఏదైనా చెప్పి తీరాలి. మన దేశంలో 1878 నాటి చట్టం, భూమిలో దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి తెలియజేయాలంటుంది. దాంతో పోలిస్తే వీళ్ళు ఉదారులే. ఇంకొకటి: ఇక్కడి మట్టిలో దొరికిన పురాతన వస్తువుని ఎంత చౌకదైనా లైసెన్స్ లేకుండా దేశం దాటించకూడదు. సెలవులకి వెళ్తూ అమ్మానాన్నలకి చూపిద్దామని సూట్‌కేసులో పెట్టుకోకండి.

ట్రెజర్ కాకపోయినా నమోదు చేయించండి. జనానికి దొరికిన పాత వస్తువుల్ని నమోదు చేసే పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ 1997లో కొన్ని జిల్లాల్లో మొదలై 2003కి ఇంగ్లండు, వేల్స్ అంతటా విస్తరించింది. ఆ స్కీమ్ తరఫున మీ జిల్లాలో ఈ పని చూసే ఫైండ్స్ లియజాన్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టండి. డబ్బులేమీ అడగరు, వస్తువు తిరిగి ఇచ్చేస్తారు. ఇప్పటికి 15 లక్షలకు పైగా వస్తువులు ఆ డేటాబేస్‌లో ఉన్నాయి. "చోటు బయటపడితే దొంగలు పడతారు" అని రైతుకి టెన్షన్ ఉండటం సహజం. జనానికి కనిపించే పేజీలో కచ్చితమైన స్థలం చూపించరు, ఆయనకి ఆ మాట చెప్పండి.

ధర విషయం. అమ్మితే పెద్దగా ఏమీ రాదు. వచ్చినా రైతుకి వాటా ఉంటుందని ముందే కాగితం మీద రాసుకున్నారా? లేకపోతే ఈ వారమే రాసుకోండి. స్నేహాలు చెడేది అక్కడే. ముక్కగా దొరికిందని మాత్రం చిన్నబుచ్చుకోకండి. 9వ శతాబ్దపు ఫుల్లర్ బ్రోచ్ అని ఒకటుంది. పంచేంద్రియాలు మనుషుల రూపంలో చెక్కిన వెండి పళ్ళెం లాంటి నగ. ఎక్కడా చెక్కు చెదరలేదు. ఆ బాగుండటమే దాని కొంప ముంచింది. ఇంత పాతది ఇంత కొత్తగా ఎలా ఉంటుందని నకిలీ ముద్ర వేశారు. కెప్టెన్ ఫుల్లర్ దాన్ని వెండి ఖరీదుకే కొన్నాడు. తర్వాత గాళ్ళలో నింపిన నల్లటి పూరకాన్ని పరీక్షించాక అసలుదని తేలి, 1952లో బ్రిటిష్ మ్యూజియంకి చేరింది. ఎక్కడ దొరికిందో మాత్రం ఈనాటికీ తెలియదు. మీ ముక్క విషయంలో ఆ ఒక్క సంగతీ మీకు తెలుసు. పరిశోధకుల లెక్కలో అది చిన్న ఆస్తి కాదు.

మీ జిల్లాలోనే ఉదాహరణ ఉంది. స్క్రెంబీ అనే ఊరి దగ్గర ఒక డిటెక్టరిస్టుకి పొలంలో బంగారు పూత బ్రోచ్‌లూ, డాలు మధ్య బొడిపెలూ, బల్లెం మొనలూ దొరికాయి. ఆయన దాచుకోకుండా చెప్పాడు. 2018లో షెఫీల్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు తవ్వితే 6వ శతాబ్దపు శ్మశానం బయటపడింది. అలాగే సఫోక్‌లోని రెండిల్‌షామ్. బీడ్ అక్కడ రాజుల నివాసం ఉందని రాసిన మాట అందరికీ తెలుసు, కానీ నేల మీద ఆనవాలు లేదు. ఏళ్ళ తరబడి పొలాల్లో డిటెక్టర్లతో ఒక్కో ముక్కనీ ఒక్కో చుక్కగా పటం మీద పెడుతూ పోతే, ఆ చుక్కలే రాజుగారి ఊరి హద్దులు గీశాయి.

కాబట్టి మీరు వరసగా చేయాల్సింది ఇది. ముక్క దొరికిన చోటుకి ఫోన్‌లో కనీసం ఎనిమిది అంకెల గ్రిడ్ రిఫరెన్స్ (పటం మీద చోటుని చూపే అంకెలు) తీసుకోండి. "గేటు పక్కన" అని రాయకండి, గేట్లు మారతాయి. దుక్కి లోతు దాటి తవ్వకండి. కింద ఎముక గానీ, నల్లటి మట్టి మరక గానీ కనిపిస్తే పార కింద పెట్టేసి ఆఫీసర్‌కి ఫోన్ చేయండి. ఆ పొలం రక్షిత స్థలాల జాబితాలో లేదని ఒకసారి చూసుకోండి. ఉంటే ప్రత్యేక అనుమతి లేకుండా డిటెక్టర్ పెట్టడమే నేరం.

ఇక నాకు మూడు ఫొటోలు కావాలి: వెనకవైపు, ఒక పక్క నుంచి, విరిగిన అంచు దగ్గరగా. పక్కన స్కేలు పెట్టండి, ఫ్లాష్ వద్దు, కిటికీ పక్కన ఏటవాలు వెలుతురులో తీయండి. అంచు మెరుస్తుంటే వచ్చే శనివారం మీరిద్దరూ మళ్ళీ అక్కడికే వెళ్ళండి. పై సగం ఎక్కువ దూరం పోయి ఉండదు.